ప్రార్థనలో మూతపడని కన్ను

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను మేము అడ్వెంట్ అంటాం. వాటిలో మొదటిదానికి ఇంకా ఒక్కరోజు ఉంది. ఆ శనివారం పొద్దున పళ్ళు తోముకొని నోరు పుక్కిలించబోతే, నీళ్ళు కుడివైపు మూల నుంచి కారి బనియన్ మీద పడ్డాయి. మగ్గు పగిలిందనుకొని ఇంకో మగ్గు తెచ్చుకున్నాను. అదీ కారింది. మా ఆవిడ ఎస్తేరు చవకరకం మగ్గులు కొంటుందని నాకు ఎప్పటినుంచో అనుమానం. నిలదీద్దామని వంటింట్లోకి వెళ్ళాను.

ఆమె నా ముఖం వైపు ఒకసారి చూసి మళ్ళీ పిండి కలపడంలో పడింది.

"ఏందయ్యా, పొద్దుగాల్నే షురూ జేసినవా? మూతి సక్కగ వెట్టు."

"సక్కగనే వెట్టిన. ఇంతే వస్తుంది."

"నాకు పనున్నది. పోయి నీ మనుమలకు సూపియ్ వేషాలు."

ఆమె తప్పేమీ లేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా ఉన్న రోజుల నుంచీ మూతి వంకర్లు తిప్పి జనాన్ని నవ్వించడం నాకు అలవాటు. డిసెంబర్ సాయంత్రాల్లో మా చర్చి వాళ్ళు ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడే క్యారల్స్ రౌండ్స్‌లో క్రిస్మస్ తాత వేషం నాదే. ముప్పై ఏళ్ళుగా నేనే అని అందరికీ చెబుతుంటాను. అంత ఉండదు. సగం తీసేయండి.

"ఎస్తేరూ, నిజంగనే కదుల్తలేదే" అన్నాను.

అప్పుడు దగ్గరికొచ్చి, పిండి చేత్తోనే నా కుడి బుగ్గ పట్టుకొని పైకి లాగి వదిలింది. అది తడిగుడ్డలా కిందికి జారింది. ఆమె వెంటనే కోడల్ని కేకేసింది.

ఆ తర్వాత నేను చొక్కా వేసుకొని ధైర్యంగా ఆటో పిలిచానని చాలామందికి చెప్పాను. నిజానికి బాత్రూంలో స్టూలు మీద కూర్చొని ఏడ్చాను. ఏడుపు కూడా వంకరగానే వచ్చింది. ఆటో పిలిచింది మా కోడలు సునీత.

సికింద్రాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రి క్యాజువాల్టీలో కుర్ర డాక్టరు నన్ను మంచం మీద కూర్చోబెట్టి ఆటలాడించాడు.

"అంకుల్, ఐబ్రోస్ పైకి లేపండి. కళ్ళు గట్టిగా మూయండి. బుగ్గలు పూరించండి. పళ్ళు చూపించండి."

ఎడమవైపు అన్నీ చేసింది. కుడివైపు చూస్తూ ఊరుకుంది. చేతులు చాపమన్నాడు, కాళ్ళు లేపమన్నాడు, మాట్లాడించాడు. ముందురోజు చెవి వెనక నొప్పి వచ్చిందా అని అడిగాడు. వచ్చింది. చలిగాలి అనుకున్నాను.

"ఇది స్ట్రోక్‌లా లేదు. బెల్స్ పాల్సీ. ఫేషియల్ నర్వ్ వాచింది. స్ట్రోక్ అయితే మామూలుగా నుదురు ముడత పడుతుంది. మీకు పడట్లేదు, చూశారా?" అని నవ్వాడు.

నుదురు చచ్చుబడటం మంచి కబురట! పాడైపోయిన చోటు చూపించి సంతోషించమంటే ఎవరు నమ్ముతారు? వయసు, బీపీ చూసి సీటీ స్కాన్ కూడా తీయించాడు. నార్మల్ అన్నాడు.

"త్వరగా వచ్చారు, మంచిదైంది. స్టెరాయిడ్స్ ఈరోజే మొదలుపెడదాం. చాలామందికి వారాల్లో తిరిగొస్తుంది. కొందరికి నెలలు పడుతుంది. కొద్దిమందికి కొంచెం మిగిలిపోతుంది."

ఆ చివరి మాట ఒక్కటే నమ్మాను. ఎందుకంటే ఆ తర్వాత సునీత డాక్టరుతో కారిడార్‌లో విడిగా మాట్లాడింది. నాకు వచ్చింది స్ట్రోకే, నా దగ్గర దాస్తున్నారు అని అక్కడికక్కడే తేల్చుకున్నాను.

మూడోరోజు, మా పక్కింటి ఖాసిం స్కూటరెక్కి, ఇంట్లో చెప్పకుండా ఏ.ఎస్. రావు నగర్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఖాసిం, నేను వర్క్‌షాపులో ఒకే బండి కింద పడుకొని బోల్టులు బిగించినవాళ్ళం. డాక్టరమ్మకు నేను ఏమీ చెప్పలేదు. ఇవాళే వచ్చిందన్నాను. మందులేమైనా వాడుతున్నారా అంటే లేదన్నాను.

ఆమె నా జేబు వైపు చూసింది. "మరి ఆ స్ట్రిప్ ఏంటి అంకుల్? స్టెరాయిడ్ కదా? నేనూ అదే రాసిచ్చేదాన్ని. డబుల్ డోస్ మింగేవారు. బెల్స్ పాల్సీయే. వాళ్ళు సరిగ్గానే చెప్పారు."

బయటికొచ్చాక, "ఇద్దరు ఫోన్ల మాట్లాడుకున్నరు" అన్నాను.

ఖాసిం స్కూటర్ స్టార్ట్ చేయబోయి ఆగాడు. "అరే భాయ్, ఇద్దరు ఒక్కటే మాట జెప్తే గది ఖుషీ ఖబర్ గాదా? నీకు ఖుషీ వస్తే సుత పోలీస్ వెరిఫికేషన్ జేస్తవ్."

అదే వారం ఒక దూరపు బంధువు, పక్షవాతానికి పావురం రక్తం రాయాలంటూ బుట్టలో పావురాన్ని తెచ్చాడు. స్ట్రోకే అన్న అనుమానం లోపల ఉంది కాబట్టి నేను వద్దనలేకపోయాను. ఖాసిమే అడ్డం పడ్డాడు. "నీ మూతి తిరిగితే అది ఏం జేసింది పాపం?" అని బుట్ట పట్టుకొని మేడెక్కి మూత తీసేశాడు.

స్టెరాయిడ్స్‌తో షుగర్ పెరిగింది. కొన్నాళ్ళు ఇన్సులిన్ పొడిచారు. మొదటి ఆదివారం చర్చికి వెళ్ళలేదు. ఇంట్లో మాత్రం పండుగ పనులు సాగుతూనే ఉన్నాయి. సునీత గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టించింది. వంటింట్లో నూనె వాసన. నేను వెళ్తే అత్తాకోడళ్ళు మాటలు ఆపేసేవారు. ఒకసారి సునీత ఏదో కవర్ బీరువా మీదికి తోయడం చూశాను. స్కాన్ ఫిల్మే అనుకున్నాను. నాకు చూపించని అసలు ఫిల్మ్.

వాళ్ళు దుకాణానికి వెళ్ళగానే స్టూలెక్కాను. కవర్లో చెయ్యి పెడితే ఒక ముఖం తగిలింది. ఎర్ర బుగ్గలు, తెల్ల గడ్డం, రెండువైపులా సమానంగా నవ్వుతున్న క్రిస్మస్ తాత మాస్క్. దాని వెనక ఒక స్టీలు డబ్బా.

"మామయ్యా! దిగుండ్రి ముందు! పడితే మళ్ళ స్కాన్ తీయాలె!" సునీత ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

మాస్క్ ఊపి చూపించాను. "ఇదేంది? నా మూతి కప్పెట్టనీకి తెచ్చిండ్రా?"

"పోయినేడు దూది గడ్డం గమ్ముకు దద్దుర్లొచ్చి వారం దినాలు తిట్టింది మీరే గదా? దసరా సెలవులల్లనే కొన్న."

"మరి డబ్బా?"

"గులాబి పూలు. అత్తమ్మ వండింది. మీ షుగర్‌కు భయపడి దాస్తున్నం."

అచ్చును పిండిలో ముంచి నూనెలో వేయించే ఆ గులాబి పూల కోసం అడ్వెంట్ అంతా నేను డబ్బాల చుట్టూ తిరుగుతానని అందరికీ తెలుసు. రెండు అనుమానాలు ఒకేసారి కూలిపోయేసరికి నాకు కోపం వచ్చింది.

"ఈ ముఖంతోటి నేను క్యారల్స్‌కు రాను. మాస్క్ వెట్టుకొని అసల్కే రాను."

"మీ ఇష్టం మామయ్యా. మీరు లేకుంటే తాత లేనట్టే. పిల్లలకు గదే జెప్త."

అలా అనడంలో కూడా ఏదో ఎత్తు ఉందని అనుమానించాను. ఉందేమో కూడా.

తర్వాతి దెబ్బ కంటికి తగిలింది. కుడికన్ను మూతపడదు కాబట్టి పగలు చుక్కలు వేసుకోమని, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్ రాసి, కన్ను మూసి టేపు వేయమని డాక్టరు చెప్పాడు. కన్ను మూసి అతికిస్తే శవానికి చేసినట్టు ఉంటుందని నేను వేయనివ్వలేదు. వారం తిరిగేసరికి కన్ను నిప్పులా ఎర్రబడింది. కంటి డాక్టరు లైటు వేసి చూసి, "కార్నియా మీద గీత పడింది. ముఖం తిరిగొస్తుంది సార్. కన్ను పోతే ఎక్కణ్ణుంచి తెస్తారు?" అని గట్టిగా కోప్పడ్డాడు. ఆ రోజు నుంచి టేపు వేయించుకున్నాను.

అద్దం ముందు ముఖానికి వ్యాయామాలు కూడా చెప్పారు. కనుబొమ్మలు లేపడం, బుగ్గలు పూరించడం, పళ్ళు చూపించడం. అద్దంలో ఉన్నవాణ్ణి చూడలేక రెండ్రోజుల్లో మానేశాను. "చేసినవా?" అని ఎస్తేరు అడిగితే, "చేసిన" అనేవాణ్ణి. ఆమె ఇంకేమీ అడిగేది కాదు. నేను ఇట్లా అయిపోతే ఈమెకు చీమ కుట్టినట్టయినా లేదని లోపల గుర్రుగా ఉండేది.

మా చర్చి పాస్టరు అయ్యగారు ఒక సాయంత్రం ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నా కుడికన్ను మూసుకోదు కదా. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ప్రార్థనలో మనుషులు ఎలా ఉంటారో చూశాను. అయ్యగారు నా స్వస్థత కోసం గొంతు పెంచి ప్రార్థిస్తూనే ఒక కన్ను తెరిచి గులాబి పూల పళ్ళెం వైపు చూశారు. నా అనుమానాలకు దేవుడే ఒక కిటికీ తెరిచి ఇచ్చాడనిపించింది.

మూడో ఆదివారం చర్చికి వెళ్ళాను. భక్తితో కాదు, ఆ కిటికీలోంచి చూద్దామని. మంకీ క్యాప్ బుగ్గల మీదికి లాక్కొని పక్కగా, మగవాళ్ళ వరుస చివర కూర్చున్నాను. అక్కడి నుంచి ఆడవాళ్ళు కనిపిస్తారు. అడ్వెంట్‌లో ఆదివారానికో కొవ్వొత్తి, ఆ రోజు గులాబీ రంగుది వెలిగిస్తారు. అది ఆనందానిది. ఆనందించమని అయ్యగారు చాలాసేపు చెప్పారు. నాకేమీ రాలేదు. ఆజ్ఞ వేస్తే వచ్చేదైతే నా మూతి ఎప్పుడో వచ్చి ఉండేది.

తర్వాత రోగుల కోసం దీర్ఘ ప్రార్థన. "మన సహోదరుడు దేవదానం కోసం" అని నా పేరు వినిపించింది. ఎవరు నిజంగా ప్రార్థిస్తున్నారో తేల్చుకుందామని చూపు తిప్పాను. ఒకాయన చెవిలో వేలు తిప్పుకుంటున్నాడు. ఒకామె చెప్పు కోసం కాలితో వెతుక్కుంటోంది. నేననుకున్నట్టే అంతా నాటకం.

అప్పుడు ఎస్తేరు కనిపించింది. కొంగు తల మీద వేసుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని, బుగ్గల మీద నీళ్ళు కారుతుండగా, కనుబొమ్మలు రెండూ పైకి లేపింది. దించింది. మళ్ళీ లేపింది. బుగ్గలు బూరెల్లా పూరించింది. వదిలి, దేవునికి పళ్ళన్నీ చూపించింది.

నా వ్యాయామాలు. నేను మానేసినవి. వరుస తప్పకుండా.

నవ్వు ఆపుకోలేకపోయాను. కుడివైపు గాలి ఆగదు కాబట్టి ప్రెషర్ కుక్కర్‌లా కూత వచ్చింది. అయ్యగారు ఆగిపోయారు. చర్చి అంతా కళ్ళు తెరిచింది. ఎస్తేరు బుగ్గలు పూరించినవి పూరించినట్టే ఉంచి నా వైపు తిరిగింది. అది చూసి ఇంకా నవ్వాను. కళ్ళ వెంట నీళ్ళు, మూతి వెంట చొంగ. ఎన్నాళ్ళ నుంచో నా మీద పెట్టిన బండ ఎవరో పక్కకు జరిపినట్టయింది.

ఆరాధన అయ్యాక అడిగినవాళ్ళందరికీ పరిశుద్ధాత్మ నా మీదికి దిగివచ్చిందని చెప్పాను. ఒకరిద్దరు నా చేతులు కళ్ళకద్దుకున్నారు కూడా. మధ్యాహ్నం అన్నం దగ్గర ఎస్తేరుకు నిజం చెప్పాను.

ఆమె కూర వడ్డిస్తున్న గరిటె ఆపింది. "నేనా? నేనెప్పుడు పూరించిన?"

"ప్రార్థనల. పండ్లు సుత సూపినవ్."

"నువ్వు జేస్తలేవని నాకు తెల్సు. ప్రభువా, గా మనిషి మూతి జెర గిట్ల లేపు, జెర గిట్ల తిప్పు అని చెప్పుకుంటున్న. నా మూతి దానంతటదే కదిలిందేమో." అంటూ ఆమె కూడా నవ్వింది. "అందుకే నవ్వినవా, దొంగోడా!"

నాకిట్లయితే చీమ కుట్టినట్టయినా లేదనుకున్న మనిషి ఈమె.

అయినా ఆ సంతోషాన్ని నేను వెంటనే నమ్మలేదు. రెండురోజులు దాన్ని తిప్పి తిప్పి చూశాను. చెక్-అప్‌కు వెళ్ళినప్పుడు డాక్టరును అడిగాను, స్టెరాయిడ్ వల్ల సంతోషం వస్తుందా అని.

"కొందరికి మూడ్ పెరగొచ్చు. కానీ మీ కోర్సు అయిపోయి చాలా రోజులైంది కదా అంకుల్?"

ఇక దాన్ని అనుమానించడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

ఆ వారమే ఎర్ర అంగీ వేసుకొని క్యారల్స్‌కు వెళ్ళాను. మాస్క్ సునీత సంచిలో ఉంది. చెమట పడుతుందని వంక చెప్పి పెట్టుకోలేదు. ఖాసిం ఇంటి ముందు మేం పాడుతుంటే అతని మనవరాలు నా ముఖాన్ని పరీక్షగా చూసింది.

"తాతా, నువ్వు ఒక్క దిక్కే ఎందుకు నవ్వుతున్నవ్?"

"మంచు దేశంల జింక తన్నింది" అన్నాను.

"అబద్ధం."

"అబద్ధమే. నరం వాచింది."

"మల్ల వస్తదా?"

"తెల్వదమ్మా."

ఆ పిల్ల తనూ ఒకవైపే నవ్వబోయింది. రాలేదు. పక్కపిల్లలు కూడా మొదలుపెట్టారు. గల్లీలో అన్నీ వంకర మూతులే. ఖాసిం కూడా గడ్డం పట్టుకొని ప్రయత్నించి, "ముష్కిల్ పని భాయ్, ఉస్తాద్‌వి నువ్వే" అన్నాడు. డప్పు కొట్టేవాళ్ళు నవ్వు ఆపుకోలేక దరువు తప్పారు.

క్రిస్మస్ రోజుకు నా ముఖం తిరిగి రాలేదు. ఆ ఆరాధనలోనే అద్భుతంగా బాగైపోయిందని కొన్ని చోట్ల చెప్పిన మాట నిజం. అది తీసేయండి. పండుగ దాటాక ఒకరోజు కనుబొమ్మ కొసన చిన్న కదలిక వచ్చింది. వేసవికి పెదవి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ అడ్వెంట్ నడుస్తోంది. ఈల వేస్తే కొంచెం గాలి పోతుంది, నవ్వితే కుడికన్ను చిన్నదవుతుంది. అది మిగిలిపోతుందని డాక్టరు చెప్పాడు. వ్యాయామాలు ఎస్తేరు ఎదురుగా కూర్చొని చేస్తాను. ఆమె చేయిస్తుంది.

చదివేవారికి ఒక్క సలహా. మూతి ఒకవైపుకు పోతే అది నరమో స్ట్రోకో మీరూ నేనూ తేల్చేది కాదు. ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్ళండి. కంటికి టేపు వేయమంటే సిగ్గుపడకుండా వేయించుకోండి. ముఖం మెల్లగా వస్తుంది, రానివ్వండి. సంతోషం దానికోసం కాచుకొని కూర్చోదు, ముందే వచ్చేస్తుంది. కన్ను మాత్రం ఆగదు. దాన్ని ఈ రాత్రే మూయండి.