కెమెరా లేని ఫైండర్

పెళ్లయి రెండేళ్లయినా నా భార్యకు ఒక్క ఫోటో లేదు. మొదటిది నేనే తీయాలని నా పట్టుదల. దానికి కావలసిన సామానులో నా దగ్గర ఉన్నది వ్యూఫైండర్ ఒక్కటే. కెమెరా లేదు, లెన్స్ లేదు, ఫిల్మ్ లేదు.

ఆ ఫైండర్ జుమ్మెరాత్ బజార్లో, పాత సామాన్ల సంతలో దొరికింది. తుప్పు పట్టిన తాళాలకూ ఒంటి అద్దపు కళ్లజోళ్లకూ మధ్య గోనెపట్టా మీద పడి ఉంది. బొటనవేలంత నల్లటి గొట్టం, రెండు కొసలకూ అద్దాలు, కెమెరా నెత్తి మీద దూర్చడానికి అడుగున చిన్న ఇనుప పాదం. అమ్మేవాడు దాన్ని దుర్బీను ముక్క అనుకున్నాడు. నేను అనుకోలేదు. టెక్నికల్ కాలేజీలో సర్వే చెప్పిన మాస్టారి దగ్గర ఒక జర్మన్ కెమెరాల కేటలాగు ఉండేది, అందులోని బొమ్మలన్నీ నాకు కంఠతా వచ్చు. ఇది తొమ్మిది సెంటీమీటర్ల లెన్స్‌కు జత. ఆ లెన్స్ ఎంత మేర పట్టుకుంటుందో అంత మేరే ఈ గొట్టంలో చిన్నగా, తేటగా కనబడుతుంది. కెమెరా ఎప్పుడో ఒకప్పుడు రాకపోతుందా అనుకుని కొన్నాను.

అప్పుడు నాకు మియాపూర్ దగ్గర రోడ్డు పని మీద ఓవర్సీరు ఉద్యోగం. సాయంత్రం గదికి రాగానే ఫైండర్ కంటికి పెట్టుకుని వాకిట్లో కూర్చునేవాణ్ణి. కంకర బండ్లను చూసేవాణ్ణి, ఎడ్లను చూసేవాణ్ణి, ఎక్కువగా ఆమెను చూసేవాణ్ణి. బియ్యం చెరుగుతున్నా, నీళ్లు తోడుతున్నా. మొదట్లో ఆమె కొంగు అడ్డం పెట్టుకునేది. తర్వాత అలవాటు పడింది. ఒకరోజు నేను గొట్టం తీయకపోతే, పానం మంచిగ లేదా అని అడిగింది.

కెమెరా వచ్చింది, కానీ నాకు కాదు, నా భార్య బావకు.

ఆయన ఆమె మేనమామ కొడుకు. ఆమెను ఆయనకే ఇస్తారని వాళ్ల ఊరు ఖాజాగూడలో అందరూ అనుకున్నారట. వరస ప్రకారం నాకు అన్న అవుతాడు, నన్ను తమ్ముడూ అంటాడు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో దొరల ఇళ్లకు గుడ్లూ కూరగాయలూ వేసేవాడు. దేశం విడిచి పోతూ ఒక దొర ఆయనకు తోలు పెట్టె ఇచ్చిపోయాడు. అందులో ఉన్నవి: జర్మన్ రేంజ్‌ఫైండర్ కెమెరా, లోపలికి ముడుచుకునే ఐదు సెంటీమీటర్ల లెన్స్, తొమ్మిది సెంటీమీటర్ల లెన్స్, ఒక పసుపు ఫిల్టరు. పెట్టెలో ఎర్ర మఖమల్ పరిచి, ఒక్కో వస్తువుకూ దాని ఆకారంలో గుంట చేసి ఉంది. ఒక గుంట మాత్రం ఖాళీ. దాని పొడవు చూడగానే అది నా ఫైండర్ చోటేనని నాకు తెలిసిపోయింది.

ఆ లెన్స్‌ను ఆయన ధోవతి కొసతో తుడుస్తుంటే నా పళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి.

కెమెరా సొంత కిటికీలో ఐదు సెంటీమీటర్ల లెన్స్‌కు సరిపడే మేర కనబడుతుంది. పెద్ద లెన్స్ తగిలించి అదే కిటికీలో చూసి తీస్తే ఏది ఫోటోలోకి వస్తుందో, ఏది తెగిపోతుందో తెలియదు. ఆయన ఊళ్లో తీసిన పెద్దమనుషులు ఒకరికి చెవి లేకుండా, ఒకరికి తలపాగా లేకుండా వచ్చారు. ఆ సంగతి విన్న రోజు నేను చాలా సంతోషంగా అన్నం తిన్నాను.

అదే ఏడు నా భార్యకు పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోశారు. మేము ఖాజాగూడ వెళ్లాం. కొత్త చీర, కొంగు నిండా బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు. రెండు చేతులా ఒడి పట్టుకుని, బరువుకు కాస్త ముందుకు వంగి, చెరువు పక్క రాతి గుండ్ల దగ్గర నిలబడింది. పొద్దు వాలుతోంది. ఫోటో తియ్యాలని అందరూ అన్నారు. బావ పెద్ద లెన్స్ తగిలించి, నా వైపు చెయ్యి చాపాడు.

"తమ్ముడూ, నీ గొట్టం ఇయ్యి జర."

ఫైండర్ నాది కాబట్టి చూసేదీ తీసేదీ నేనేనని, కెమెరా నా చేతికివ్వమని అన్నాను.

"గుండీ దొరికిందని షేర్వాణీ అడుగుతున్నవా?" అన్నాడు. గుండ్ల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను ఇవ్వనంటే ఇవ్వనన్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, సరే, కెమెరాలోంచి ఒకసారి చూడు, మనసు నిమ్మళమైతది అన్నాడు.

చూశాను. దూరం కొలిచే ఆ చిన్న కిటికీలో మనిషి రెండుగా కనబడుతుంది. లెన్స్ తిప్పుతుంటే రెండు బొమ్మలూ దగ్గరికి జరుగుతాయి, ఒకటి అయినప్పుడు దూరం కుదిరినట్టు. కేటలాగులో వందసార్లు చదివాను. ఇప్పుడు నా భార్యలు ఇద్దరు ఒడి పట్టుకుని నిలబడ్డారు. మెల్లగా తిప్పాను. ముక్కుపుడకలు రెండూ ఇంకా కలవకముందే ఆయన కెమెరా లాక్కున్నాడు.

"ఇగ చాలు. అరగదీస్తవా?"

మా అత్తమ్మ విసుక్కుంది. "ఎవలన్న ఒకలు తియ్యుండ్రి. పిల్ల చేతులు గుంజుతున్నయి." అది నిజం. ఆమె మోచేతులు వణకడం నాకు కనబడుతోంది. నేను ఓడిపోయింది ఆ మోచేతులకే, ఆయనకు కాదు.

ఫైండర్ ఇచ్చే ముందు చేయవలసిన పని చేశాను. అది లెన్స్‌కు పైన ఉంటుంది కాబట్టి దగ్గరి మనిషిని తీసేటప్పుడు గొట్టం ముక్కు కాస్త కిందికి వంచాలి, లేకపోతే తల తెగుతుంది. పాదం దగ్గర అందుకు ఒక చిన్న మీట ఉంది. ఆమెకూ మాకూ మధ్య ఉన్న దూరానికి దాన్ని జరిపాను. పాదం వదులుగా ఉందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి కింద దూర్చాను. అయినా కొంచెం ఊగుతోంది. ఇవేవీ బావ పట్టించుకోలేదు. కన్ను ఆనించి, "మరదలా, నీ మొగుడు గొట్టాన్నే చూస్తుండు, నిన్నన్న నేను చూస్తున్న" అన్నాడు. ఆమె నవ్వింది. షట్టర్ టిక్కుమంది.

ఫోటో చాలా బాగా వచ్చింది. తల తెగలేదు, ఒడి తెగలేదు, ముక్కుపుడక మీద వెలుగు చుక్క కూడా వచ్చింది. బావ చెయ్యి మంచిదని ఊరంతా అన్నారు. ఆమె దాన్ని అద్దం కట్టించి మియాపూర్ గదిలో గోడకు తగిలించింది. వచ్చినవాళ్లు ఎవరు తీశారని అడగడం, మా బావ తీసిండు అని ఆమె చెప్పడం. మీట గురించి నేను ఇద్దరికి వివరించి చూశాను. ఇద్దరూ చాయ్ తాగేసి వెళ్లిపోయారు.

రోజూ చూడగా చూడగా ఒక సంగతి కనిపెట్టాను. ఫోటోలో ఆమె చూపు లెన్స్‌లోకి లేదు. ఎదురుగా నిలబడితే నా కళ్లలోకి కాక నుదుటి వైపు చూస్తున్నట్టుంటుంది. అంటే తీసేటప్పుడు ఆమె చూసింది లెన్స్‌కు వేలెడు పైన. అక్కడ ఉన్నది నా ఫైండర్. ఒక పూట హాయిగా గడిచింది. మర్నాడు పనిలో గొలుసు పట్టుకుని కొలుస్తుంటే తట్టింది: ఆ ఫైండర్ వెనుక ఉన్నది ఆయన కన్ను.

ఈ రెంటిలో ఏది నిజమో కొలిచి తేల్చే పరికరం నా దగ్గర లేదు. వారం రోజులు సరిగా మాట్లాడలేదు. చివరికి ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే, ఆ రోజు నువ్వు ఎటు చూశావని అడిగేశాను.

"ఏ రోజు?"

గోడ వైపు చూపించాను. ఆమె ఫోటోను చూసి, నన్ను చూసి, మళ్లీ చేటలోకి వంగింది.

"నీ గొట్టం దిక్కే. ఊగుతుండె గదా. కింద బండ మీద పడి పలుగుతదేమోనని నా పానం అంత దాని మీదనే ఉండె. అది పలిగితే నువ్వు నాల్గు దినాలు అన్నం ముడుతవా?"

లేచి గూట్లోంచి ఫైండర్ తీశాను. పాదం కింద వెండి కాగితం అలాగే ఉంది. కంటికి పెట్టుకుని ఆమెను చూశాను. చేట, వేళ్లు, పాపిట, అన్నీ మేరలోనే ఉన్నాయి. అక్కడితో ఆగాల్సింది.

"మరి నవ్వెందుకు వచ్చింది?"

"బావ మాటకు" అంది, తల ఎత్తకుండానే.

చూపు సంగతి తేలింది. ఆ నవ్వు మాత్రం నాకు ఇవాళ్టికీ నచ్చదు.