ఆమీన్‌కి ముందు

బుధవారం సాయంత్రం చాపల మీద పన్నెండు మంది కూర్చుని, రెండు విడతలు తీపి టీ తాగి, వేయించిన కర్రపెండలం ముక్కలు తిని, వుర్యాని కొడుకుని శనివారం మధ్యాహ్నం సమరాంగ్ నగరంలో మేనత్త దగ్గరికి పంపించెయ్యాలని తేల్చారు. తేల్చినవాళ్లలో వుర్యాని కూడా ఉంది. ఆ సంగతి ఆమెకి అందరూ వెళ్లిపోయాక తెలిసింది.

"నువ్వూ ఒప్పుకున్నావుగా," అన్నాడు భర్త సెత్యో గ్లాసులు ఏరుతూ.

"నేనేం అనలేదు."

"అదే చెప్తున్నా. ఏం అనలేదు. పెదమావయ్య రెండుసార్లు అడిగాడు, ఎవరికీ అడ్డు లేదు కదా అని. నీ వైపు చూసి మరీ అడిగాడు."

మౌనం అర్ధాంగీకారం అంటారు. జావాలో ఆ సగం లెక్క చెల్లదు. పెద్దలు కూర్చున్న రెంబుగ్‌లో, అంటే ఇంటి సభలో, నోరు విప్పనివాడు పూర్తిగా ఒప్పుకున్నట్టే. కాదని ముఖం మీద చెప్పడం మోటుతనం కాబట్టి, ఇష్టం లేనివాడు కనీసం దగ్గాలి, "మరీ..." అని నసగాలి, గ్లాసు దూరంగా జరపాలి. మిగతాది పెద్దలే అర్థం చేసుకుంటారు. సలతిగ ఊళ్లో పుట్టిన ఏ పిల్లకైనా ఈ చదువు పాలతోపాటే వస్తుంది. వుర్యానికి ముప్పై తొమ్మిదేళ్లొచ్చినా రాలేదు. అయినా బుధవారంనాటి మౌనం మర్యాదా కాదు, సమ్మతీ కాదు. పన్నెండు గ్లాసుల్లో పన్నెండు చెంచాలు తిరుగుతున్నాయి. ఫ్యాను రెక్క ఒకటి కొట్టుకుంటోంది. ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. మాట గొంతులోనే ఉంది, బయటికి దారి మూసుకుపోయింది.

ఆమె పని మందుల షాపులో. మాత్రలు నూరి, పసిపిల్లల మోతాదుకి తూచి, పొడిని కాగితం పొట్లాలు కడుతుంది. పదహారేళ్లలో ఒక్క పొట్లం తేడా రాలేదు. కొడుకు గలిహ్‌కి అయిదేళ్లప్పుడు సమరాంగ్‌లో డాక్టరమ్మ ఆటిజం అని చెప్పింది. తల్లి నింపాల్సిన కాగితం మీద వుర్యాని జవాబులు రాయడంతో ఊరుకోక, ఏడు ప్రశ్నల పక్కన "ఈ ప్రశ్న సరిగా అడగలేదు" అని రాసి, సరిచేసి ఇచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, "మీ చిన్నతనం గురించి కాస్త చెప్తారా?" అంది. మరో ఏడాదికి వుర్యాని పేరున కూడా అదే మాట రాసిన కాగితం వచ్చింది.

ఆ కాగితం చదివి ఆమె ఏడవలేదు, పొంగిపోనూ లేదు. పాత పొట్లం మీద ఎట్టకేలకు సరైన చీటీ అంటించినట్టు అనిపించింది, అంతే. వీధిలో ఆడవాళ్లు మాత్రం గలిహ్‌ని చూసి, "ఇలాంటి బిడ్డ స్వర్గానికి తాళంచెవి" అన్నారు. ఆ మాట అన్నవాళ్లెవరూ ఆ తాళంచెవిని ఓ గంటసేపు కనిపెట్టుకుని ఉంటామని రాలేదు.

ఇప్పుడు సంగతి సభ దాకా ఎందుకొచ్చిందంటే, కిందటి నెల పక్కింట్లో పెళ్లి. మూడు రోజులు మనిషి ఎత్తు స్పీకర్లు. మూడోరోజు మధ్యాహ్నం వుర్యాని తడి తువ్వాలు తల మీద వేసుకుని స్నానాలగదిలో గడియ పెట్టుకుంది. నలభై నిమిషాల తరవాత బయటికొచ్చేసరికి వీధి తలుపు తెరిచి ఉంది, ఏడేళ్ల గలిహ్ లేడు. కిలోమీటరు అవతల బస్సు స్టాండులో కండక్టరొకడు పట్టుకొచ్చి అప్పగించాడు. పెద్దరోడ్డు దాటాడు వాడు, ఒక్కడే. ఆ తప్పు తనదేనని వుర్యాని ఎవరితోనూ వాదించలేదు. తప్పు తప్పే.

గలిహ్‌ని తన దగ్గరికి తీసుకెళ్తాననడానికి సెత్యో అక్క రత్మికి ఆ కబురు చాలు. సమరాంగ్‌లో వంటల కాంట్రాక్టు నడుపుతుంది, పిల్లల్లేరు, చెయ్యి పెద్దది, గొంతు ఇంకా పెద్దది. దానికి తోడు, భార్య మీద జాలిపడుతుందేమోనని సెత్యో ఆమె కాగితం కూడా అక్కకి చూపించాడు. "గుడ్డివాణ్ణి గుడ్డివాడు చెయ్యి పట్టి నడిపిస్తే ఇద్దరూ కాలవలోనే," అంది రత్మి. ఆమెకి గలిహ్ అంటే నిజంగానే ప్రేమ. అందుకే ఆమెని ఆపడం కష్టం.

గురువారం పొద్దున్నే వుర్యాని, కుటుంబానికి పెద్ద అయిన పెదమావయ్య కార్తోనో వరండా ఎక్కింది. ఆయన గువ్వ పంజరం దించి నీళ్లు మారుస్తున్నాడు.

"రా అమ్మాయ్, కూర్చో. తిన్నావా?"

"తిన్నాను. గలిహ్‌ని పంపడానికి నేను ఒప్పుకోలేదు."

"ఈ ఏడు వానలు బాగానే పడుతున్నాయి."

"పడుతున్నాయి. నేను ఒప్పుకోలేదు, పెదమావయ్యా."

కార్తోనో పంజరం తలుపు మూశాడు. "అడిగినప్పుడు మాట్లాడకపోతివి."

"మాట రాలేదు."

"ఎంతసేపు ఆగాను నీ కోసం."

"నాలుగు సెకన్లు."

"లెక్కపెట్టావా?"

"పెట్టాను. అందుకే మాట ఇంకా ఆలస్యమైంది."

ముసలాయనకి నవ్వొచ్చింది, మీసం దువ్వి దాచుకున్నాడు. "చూడు, సభలో తేలింది వరండాలో విప్పితే నా మాట ఎవడు వింటాడు రేపు? శనివారం పిల్లాడి ప్రయాణానికి ప్రార్థన, భోజనాలు పెట్టాం. దువా చదివి మొదటి ఆమీన్ అన్నామా, అది దేవుడి ముందు పడ్డ మాట. ఇక నేనూ కదపలేను. అంతకుముందు చెప్పుకో. అందరి ముందూ చెప్పుకో."

"అందరి ముందే నాకు మాట రాదు."

"అదే చిక్కు," అన్నాడాయన, వానల గురించి అన్నంత మామూలుగా.

శుక్రవారం షాపులో లియన్ అక్కకి చెప్పింది. యజమానురాలు, ఆరు పదులు దాటిన మనిషి, సానుభూతి చూపించడం చేతకాదు.

"వాళ్లన్నదాంట్లో తప్పేముంది? మళ్లీ పెళ్లి స్పీకర్లు పెడితే ఏం చేస్తావ్? ముందు అది చెప్పు."

వుర్యాని వరసగా చెప్పింది. తలుపు గడియ తన తలకన్నా పైకి మార్పించింది. బస్సు స్టాండులో ముగ్గురు కండక్టర్లకి గలిహ్ ఫోటో, ఫోన్ నంబరు ఇచ్చింది. కానీ చప్పుళ్లతో తన తల నిండిపోయినప్పుడు పిల్లాడి దగ్గర ఎవరుండాలన్నది తేలలేదు.

"నాకు రింగిచ్చి కట్ చెయ్. మాట్లాడక్కర్లేదు. బండి మీద అయిదు నిమిషాలు, నేనో మా కోడలో వస్తాం. ఉత్తినే కాదు, ఆదివారాలు స్టాకు లెక్క నువ్వే చూడాలి." లియన్ అక్క మందుచీటీల కట్టలోంచి ఖాళీ కాగితం చింపి ఇచ్చింది. "మాట రాకపోతే రాసుకో. ఎవరో ఒకరు చదువుతారు."

అయిదు వాక్యాలు రాసింది. రేపు అందరి ముందూ చదవమని రాత్రి సెత్యో చేతికిచ్చింది.

"చూద్దాంలే," అన్నాడతను.

"చూద్దాం అంటే చదువుతారా, చదవరా?"

"ఏంటే, నన్నూ పోలీసులా అడుగుతావ్? చదువుతాను."

శనివారం పన్నెండింటికి రత్మి కారు గుమ్మం ముందు ఆగింది. గలిహ్ బట్టల సంచి ముందే డిక్కీలో పెట్టించింది. మగవాళ్లు ముందు గదిలో చాపల మీద, ఆడవాళ్లు వంటింటి గుమ్మం వైపు. మధ్యలో పసుపన్నం గోపురం, చుట్టూ కోడికూర, గుడ్లు, ఉడికించిన ఆకుకూరలు.

"ఎన్ని రోజులు?" అని గలిహ్ రత్మిని అడిగాడు.

"నీకు నచ్చినన్ని, బంగారం."

"ఎన్ని?"

"చాలా."

"చాలా అంటే ఎన్ని?"

రత్మి వాడి జుట్టు నిమరబోయింది. వాడు తల తప్పించుకుని మళ్లీ అడిగాడు. వాడు గోడవైపు తిరిగి వేళ్లు ఒక్కొక్కటే మడవడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఆపాలో తెలీక మళ్లీ మొదటి వేలికి వచ్చాడు.

కార్తోనో గొంతు సవరించుకుని, చుట్టాలందరికీ వందనాలు చెప్పి, పిల్లాడు సుఖంగా వెళ్లాలన్నదే ప్రార్థన ఉద్దేశమని చెప్పాడు. చివర కాస్త ఆగాడు. ఈసారి నాలుగు కాదు, తొమ్మిది సెకన్లు. వుర్యాని కాగితం ఉన్న సెత్యో చొక్కా జేబునే చూస్తోంది. అతని చెయ్యి జేబులోకి వెళ్లింది, రుమాలు తీసి నుదురు తుడుచుకుని కిందికి దిగిపోయింది. అతను తల ఎత్తలేదు.

మసీదు పెద్ద అరచేతులు పైకెత్తాడు. చుట్టూ అందరి చేతులూ లేచాయి. మొదటి వాక్యం ఎత్తుకున్నాడు.

వుర్యాని లేచి నిలబడింది.

నిలబడి అక్కడే ఉండలేదు. నడుం వంచకుండా, చెయ్యి కిందికి చాచి దారి అడగకుండా, కూర్చున్న పెద్దల తలల మధ్యలోంచి నడిచొచ్చి పసుపన్నం పక్కన నిలుచుంది. కూర్చున్న పెద్దల ముందు తల పైకెత్తి నడిచిన ఆడమనిషిని ఆ ఇల్లు చూసి ఎరగదు. దువా మధ్యలో తెగిపోయింది. నెత్తి మీద మనిషి నిలబడి ఉంటే ఆమీన్ ఎలా అనేది?

"కూర్చో వుర్యా," అంది రత్మి.

ఆమె కూర్చోలేదు.

"దీనికి బాగా ముదిరిందర్రా," అన్నారెవరో వెనక. ఇంకెవరో నవ్వారు. సెత్యో "ఇదిగో, ఇదిగో" అని పిలిచాడు, కుక్కపిల్లని పిలిచినట్టు.

వుర్యానికి అన్నీ వినిపిస్తున్నాయి, వీధిలో కారు ఇంజను చల్లారుతూ చేసే టిక్ టిక్ కూడా. మాట రావడం లేదు. రాకపోయినా ఫరవాలేదని మొదటిసారి తెలిసింది. కూర్చుంటే మౌనం వాళ్లది, నిలబడితే తనది. కూర పైన కొవ్వు తెట్టు కట్టేదాకా అలాగే ఉంది. ఎంతసేపో ఆమె లెక్కపెట్టలేదు.

"ఒప్పుకోను," అంది చివరికి. "వాణ్ణి పంపను. బుధవారం కూడా ఒప్పుకోలేదు."

"మళ్లీ రోడ్డెక్కితే?" రత్మి లేవబోయి, పెద్దల్ని చూసి, మోకాళ్ల మీదే ఆగిపోయింది. "లారీ కింద పడ్డాక నిలబడతావా ఇలా?"

"ఎక్కొచ్చు. ఎక్కనే ఎక్కడని నేను చెప్పలేను. గడియ మార్చాను. కండక్టర్లకి చెప్పాను. నా తల నిండితే అయిదు నిమిషాల్లో లియన్ అక్క వస్తుంది. మీ ఇంట్లో వాడు రోడ్డెక్కడని మీరు చెప్పగలరా వదినా?"

రత్మి నోరు తెరిచింది. ఇద్దరు వంటవాళ్లు, నాలుగు గ్యాసు పొయ్యిలు, ఎప్పుడూ తెరిచుండే వెనక తలుపు, అన్నీ ఆమె మొహం మీద ఒకదాని వెంట ఒకటి కదిలాయి. మంచి మనిషి కాబట్టి అబద్ధమాడలేకపోయింది.

"చెప్పలేను," అంది.

కార్తోనో మసీదు పెద్ద వైపు తిరిగాడు. "దింపండి చేతులు. తల్లి ఒప్పుకోలేదు. పిల్లాడు ఇక్కడే ఉంటాడు." తరవాత వుర్యానితో, ఆమె మొహంలోకి చూడకుండా, "ఇక కూర్చుంటావా తల్లీ? మెడ నొప్పెడుతోంది," అన్నాడు.

రత్మి బయటికెళ్లి డిక్కీ తెరిచి, బట్టల సంచి తెచ్చి గుమ్మంలో దబ్బున పడేసింది. తిరిగొచ్చి వుర్యాని పక్కనే కూలబడింది.

"ఈ మాట కూర్చునే చెప్పొచ్చుగా. పరువు తీశావ్."

"కూర్చుంటే నాకు రాదు వదినా."

రత్మి ఆకు ముందుకు లాక్కుని, చల్లారిన అన్నం పెద్ద ముద్ద కలిపింది. తక్కినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దువా తెగిపోయిన అన్నం తినొచ్చా లేదా అన్నది ఎవరికీ తెలీదు. మసీదు పెద్దకి కూడా తెలీదు కాబోలు, కోడికూర వైపు చూసి, ముందుగా ఆయనే చెయ్యి పెట్టాడు.