వెనక నుంచి వేసిన కేక

మా నాన్న దొంగ కాదు. నావల పందెంలో తెల్లగుడ్డ దిగకముందే తెరచాప ఎత్తాడని ఆయన నావని తీసేశారు, దొంగచాప అని పేరు పెట్టారు, ఆ పేరుతోనే ఆయన కాటికి వెళ్లాడు. అది అన్యాయమని నా జన్మంతా చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడెందుకు ఈ గోల అంటారా? ఆమధ్య ఒకరోజు మా మనవరాలు ఫోను పట్టుకొచ్చి పక్కన కూర్చుంది. ఎక్కడో విదేశాల్లో మహాసముద్రం దాటే తెరచాప పడవల పందెం అట. పడవలు ఒక్కొక్కటే రేవు విడుస్తున్నాయి, గట్టు మీద ఇసకేస్తే రాలనంత జనం. ఈలలు వేసేవాళ్లు, జెండాలు ఊపేవాళ్లు, పిల్లల్ని భుజాలకెత్తుకున్నవాళ్లు. వాళ్లందరి ముందూ చంటిబిడ్డని ఎత్తుకున్న ఒకావిడ, పడవలో వెళ్లిపోతున్న మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడుస్తోంది. "ఆవిణ్ణి ఆపమనవే, వెనక నుంచి పిలుస్తోంది!" అన్నాను. "అయ్యో తాతయ్యా, అది ఎప్పుడో అయిపోయిన వీడియో!" అని పడీపడీ నవ్వింది మనవరాలు. నేను నవ్వలేకపోయాను.

మా పల్లె యానాం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర. ఏటా గంగమ్మ జాతర అయ్యాక, మగవాళ్లు చేపల పెద్దవేటకి కదలకముందు, మాకు చాపనావల పందెం జరిగేది. ఒడ్డు నుంచి మొగ దాటి, సముద్రంలో లంగరేసి ఉంచిన నావని చుట్టి మళ్లీ ఒడ్డుకి రావాలి. చూడటానికి పాలకొల్లు నుంచి షావుకార్లు గొడుగులేసుకుని వచ్చేవారు. యానాం మీదుగా వచ్చినవాళ్లు సీసాలు పంచెల్లో దోపుకుని, ఎవరికీ తెలియదనుకుని, తూలుకుంటూ వచ్చేవారు. ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క పసుపునీళ్ల చెంబులతో ఆడవాళ్లు. నావల్లో ఉన్నవాళ్లకీ ఒడ్డున ఉన్నవాళ్లకీ ఒకటే వేళాకోళం. "ఏం మావా, చాపకి అన్ని మాసికలేంటి, మా అత్త కోకలన్నీ కుట్టేశావా?" అని ఎవరో అంటే, "కుట్టాన్లేరా అల్లుడా, ముందు నీ నావలో నీళ్లు తోడుకో, కప్పలు ఈత నేర్చుకుంటున్నాయి!" అని మా నాన్న. ఆయన నోటికి మా రేవంతా భయపడేది, ఆయన లేకపోతే వెలితి పడేది.

ఇంత గోలా ఒక్క క్షణంలో ఆగిపోయేది. మా ఊరి బడిపంతులు ఇసకదిబ్బ ఎక్కి తెల్లగుడ్డ పైకెత్తగానే, పాలిచ్చే తల్లులు సైతం పిల్లల నోటికి చెయ్యి అడ్డం పెట్టేవారు. సముద్రం మీదికి వెళ్లేవాణ్ణి వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే గంగమ్మ విని వాణ్ణి తనే పిలుచుకుంటుందని మావాళ్ల నమ్మకం. గుడ్డ దిగాక ఒడ్డంతా ఒకే గొంతుతో అరిస్తే మాత్రం అది పిలుపు కాదు, సాగనంపటం. ఇక్కడో సంగతి చెప్పాలి. నావల్లోవాళ్లు సముద్రం వైపు తిరిగి, చాప తాడు చేత పట్టుకుని నిలబడతారు, వాళ్లకి గుడ్డ కనపడదు. గుడ్డని జనం చూస్తారు, జనాన్ని నావలు వింటాయి. ఆ అరుపే వాళ్లకి ఆజ్ఞ. ఇలాంటి ఏర్పాటు ఇంకెక్కడా ఉండి ఉండదు. దాంట్లో లోపముందని ఎవరికీ తట్టలేదు, అంతకుముందెన్నడూ ఎవరూ తొందరపడి అరవలేదు గనుక.

ఆ ఏడు నాకు పందొమ్మిదేళ్లు. మగవాళ్లలో నిలబడి ఉన్నాను. మా నాన్న నావ వరసలో చివర, ఆడవాళ్లకి దగ్గరగా ఉంది. గుడ్డ ఇంకా పైనే ఉంది. ఉన్నట్టుండి ఆడవాళ్ల వైపు నుంచి ఒక కేక వినిపించింది. మాట ఏమిటో తెలియలేదు. ఆ కేక వెంట ఒడ్డంతా హోరెత్తిపోయింది. మా నాన్న చాప లేచింది. దిబ్బ పక్కనున్నవాళ్లు గుడ్డ దిగలేదని చూసి "ఆగండి, ఆగండి" అని అరుస్తూ నావలకి అడ్డంపడితే మిగతావి ఆగాయి. నాన్న అప్పటికే గాలి అందుకుని నీళ్లలోకి వెళ్లిపోయాడు. వెనక్కి రప్పించి, ఆయన్ని పక్కన పెట్టి, మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి అరుపులో జీవం లేదు, ఒడ్డున నిలబడ్డ నాకే తెలిసింది.

ఆ రెండోసారి అందరికన్నా ముందు మొగ చేరిన నావ కెరటానికి తిరగబడింది. నలుగురు ఈదుకొచ్చారు. అయిదోవాడు రాలేదు. పెళ్లై రెండు నెలలు కాలేదు. మూడోనాడు ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

ఇక ఊరు ఊరంతా ఒకటే మాట. ఎవరో వెనక నుంచి పిలిచారు, అందుకే పోయాడని కొందరు. కాదు, దొంగచాప ఎత్తి గంగమ్మకి కోపం తెప్పించాడని కొందరు. పెద్దలు కూర్చుని నన్ను అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ముందు కేక వచ్చింది, తరవాతే చాప లేచిందని. నాన్నని అడిగారు. ఆయన తల వంచుకుని, "కేకేం లేదండి. నా తొందరే," అన్నాడు. చూశారా, కన్నతండ్రే నన్ను నలుగురిలో అబద్ధాలకోరుని చేశాడు! పందెం పుస్తకంలో అదే రాశారు. పోయినవాడి తల్లి మా గుమ్మం ముందు మన్ను పోసి వెళ్లింది. ఆ తరవాత నాన్న నావలో వేటకి రావడానికి ఎవరూ ఇష్టపడలేదు. ఒంటరిగానే వెళ్లేవాడు, వేళాకోళాలు ఆడేవాడు కాదు. కాలి చీలమండ మీద తాడు కోసిన గాయం ఒకటుండేది ఆయనకి, చాలా రోజులు మానలేదు. అమ్మ రోజూ పసుపు అద్దేది.

నాకు అప్పటికి ఓనమాలు రావు. అర్జీ రాయడానికే నేర్చుకున్నాను. బెల్లం చుట్టిన కాగితాలు, కిరాణాకొట్టు బోర్డులు, లూథరన్ చర్చి గోడ మీద వాక్యాలు, ఇవే నా బడి. మొదట కూడబలుక్కుని రాసిన ముక్క "మా నాన్న దొంగ కాదు". ఊరిపెద్దలకి రాశాను, జాలర్ల సంఘానికి రాశాను, ఆఫీసులకి రాశాను. ఒక్కరూ జవాబివ్వలేదు. ఇంట్లో మాత్రం ప్రతి జవాబులేని ఉత్తరానికీ అన్నం ముందు కూర్చుని, "ఆ కేక వేసిన నోరు పడిపోను" అని తిట్టేవాణ్ణి. అమ్మ ఇంకో గరిటె అన్నం వడ్డించేది. నాన్న పళ్లెంలోంచి తల ఎత్తేవాడు కాదు. ఆలోచిస్తే, అమ్మ ఆ తరవాత ఎవర్నీ దూరం నుంచి పిలవనేలేదు. కోళ్లని గూట్లోకి తోలాలన్నా నోరు విప్పకుండా వాటి దగ్గరికి నడిచి వెళ్లేది. వయసు మీద పడి అనుకున్నాను.

ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నావలన్నిటికీ ఇంజన్లే. పందెం లేదు, తెల్లగుడ్డ లేదు, మొగ కూడా ఇసక మేటలతో పక్కకి జరిగిపోయింది. వేటకి వెళ్లినవాణ్ణి ఇంట్లోంచి ఫోనులో ఎన్నిసార్లైనా పిలుస్తారు, వాడూ పలుకుతాడు. మంచిదే. మావాళ్లు అలా ఒక్క పిలుపుకి భయపడి ఊపిరి బిగపట్టి నిలబడేవారని చెబితే మనవరాలు నవ్వుతుంది, నవ్వనీ. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం ఇంకా చెవుల్లో ఉంది.

ఆ వీడియో చూశాక, గుడ్డ పట్టుకున్న పంతులుగారు పాలకొల్లులో కూతురింట్లో ఉన్నారని విని ఆయనకి రాశాను. అమ్మా నాన్నా లేరనీ, ఇప్పటికైనా పందెం పుస్తకంలో ఆ రాత దిద్దించి నేను పోయేలోపు చూపించమనీ నిలదీశాను. మూడు వారాలకి వణికే అక్షరాలతో జవాబు వచ్చింది. అప్పటినుంచి నాకు అన్నం సరిగ్గా సయించడం లేదు. ఉన్నది ఉన్నట్టు కింద రాస్తున్నాను.

"అయ్యా, ఇద్దరూ లేరని మీరు రాశారు గనుక చెబుతున్నాను. ఆ కేక మీ అమ్మగారిది. చాప తాడు మీ నాన్నగారి కాలికి చుట్టుకుని ఉండటం చూసి, చాప లేస్తే కాలు తెగిపోతుందని, 'కాలు, కాలు' అని అరిచారు. దిబ్బ మీదనుంచి నేను చూశాను. ఆ కుర్రవాడు పోయిన సాయంత్రం మీ నాన్నగారు కుంటుకుంటూ మా ఇంటికి వచ్చారు. మీరు అడిగిన ఆ రాత ఆయన చెప్పగా నేను రాసిందే. దిద్దమంటే దిద్దుతాను, మీ ఇష్టం. ఆ రోజు నేనూ మీలాగే ఇది అన్యాయమండీ అన్నాను. దానికి ఆయన అన్నమాట ఇది: 'కేక మాట రాయకండి పంతులుగారూ. నన్ను దొంగంటే నావేసుకుని సముద్రం మీదికి పోతాను. మా ఇంటిదానికి ఈ ఒడ్డొక్కటే కదండీ.'"