అడగకుండా మార్చిన కంప్యూటరు, తెరుచుకోని కోయ పాటలు

చక్కగా పనిచేస్తున్న కంప్యూటరును యజమానురాలిని అడగకుండా మార్చి, ఆమె కూర్చిన పుస్తకాన్ని ఆమెకే అందకుండా చేశారు. ఈ ఘనకార్యాన్ని రసీదులో ‘అప్‌గ్రేడ్’ అని రాశారు. ఆమె నాకిచ్చిన ఆ రసీదు నా దగ్గర భద్రంగా ఉంది.

ఆ యజమానురాలు స్తుతి. దమ్మపేటలో డీటీపీ సెంటర్ నడుపుతుంది. పెళ్లిపత్రికలు, జ్ఞాపకార్థ కూడిక కార్డులు, మందిరాల పాటల పుస్తకాలు ఆమె జీవనం. తీరిక చిక్కినప్పుడల్లా ముత్తక్క పాడే కోయ పాటలను పుస్తకంగా కూర్చేది. అడవి అంచు గూడెం నుంచి సంతకు వచ్చిన ముత్తక్క కంప్యూటరు తెర పక్కన కూర్చుని పాడేది. స్తుతి వింటూ నేరుగా తెలుగు అక్షరాల్లో టైపు చేసేది. కాగితం మీద రాస్తే పాట నడక తెగిపోతుందని ఇద్దరి నమ్మకం. అందువల్ల రాతప్రతి లేదు. ఇప్పుడు ముత్తక్కకు దగ్గు. ఒక చరణానికే ఊపిరి చాలదు.

స్తుతి ఆదివారం దుకాణం తెరవదు. పక్కింటి రాఘవమ్మకు తాళంచెవి ఇచ్చి మందిరానికి వెళ్తుంది. మరమ్మతుల ఒప్పందమున్న ఖమ్మం సంస్థ మనిషి ఆ రోజే వచ్చి, తాళంచెవి తీసుకుని, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి వెళ్లాడు. పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ అందులో నడుస్తుందా అని చూడనే లేదు. అది నడవదు. వేరే విధంగా ఫైలు తెరిస్తే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు.

స్తుతి ఫోను చేసింది. “నన్నొక్క మాట అడగొద్దా తమ్మీ?”

“షాపు బంద్ ఉన్నది కదా మేడం. మీ పని ఆగొద్దని జల్దీ చేసిన.”

“పాతదే మళ్ల పెట్టు.”

“జాగా చాలక తీసేసిన. అయినా గా సాఫ్ట్‌వేర్ ఇప్పుడెవలు వాడుతున్నరు?”

“నేను వాడుతున్న!”

సంతనాడు ముత్తక్క వచ్చింది. “ఏంది బిడ్డా, నా పాటలను దయ్యం ఎత్కపోయిందట?”

“దయ్యం కాదత్తా, ఖమ్మం మనిషి. రసీదు గూడ ఇచ్చిండు.”

ముత్తక్క నవ్వబోయింది; దగ్గు అడ్డుపడింది. “అయితే మళ్ల పాడాల్నా?” అంది.

ఫైళ్లు చెడలేదనీ, పాత సిస్టమ్, పాత సాఫ్ట్‌వేర్, పాత ఫాంట్లు ఒకచోట ఉన్న యంత్రంలో తెరుచుకుంటాయనీ కొత్తగూడెంలో తెలిసినవారు చెప్పారు. ఆ యంత్రాన్ని వెతికే భారం స్తుతిది ఎలా అవుతుంది?

సంస్థవారూ, దానిని మీరే వెతికి, మీ ఖర్చుతో దమ్మపేటకు తీసుకురండి. ఇకపై ఏ కంప్యూటరునైనా తాకేముందు అందులో నడవాల్సినవేవో దానిమీద పనిచేసేవారిని అడగండి. ముందుగా ఆ పాటలను నేటి యంత్రాలు చదవగల తెలుగు అక్షరాల్లోకి మార్చి స్తుతి చేతిలో పెట్టండి. ముత్తక్క విని తప్పొప్పులు చెప్పగలిగి ఉండగానే పెట్టండి.