చింతామణి నుంచి రావలసిన ఎత్తు

మామ పోయాడని బాగేపల్లి నుంచి ఫోను వచ్చినప్పుడు నేను చిక్కబళ్లాపురంలో మా కంప్యూటర్ సెంటర్లో క్లాసు చెబుతున్నాను. పొద్దున కాఫీ తాగి, పేపరు చేతిలోకి తీసుకుని, కుర్చీలోనే ఒరిగిపోయాడట. బస్సులో కూర్చున్నాక కూడా నాకు గుండె దడ తగ్గలేదు. ఆ దడ మా ఇంటి సొత్తు. మా అమ్మకుంది, నాకుంది, అందరికంటే ఎక్కువగా అమ్మకు తమ్ముడైన ఆయనకుండేది.

మామ హైస్కూల్లో లెక్కల మేష్ట్రు. ఊరికి పోవాలంటే బస్సు రాకముందే చాలాసేపు స్టాండులో నిలబడేవాడు. గ్యాసు కట్టేశానా లేదా అని అనుమానం వచ్చి, గుడిబండె దాకా పోయి వెనక్కి వచ్చిన మనిషి. ఎవరైనా నవ్వితే, "భయపడేవాడు అన్నీ చూస్తాడప్పా, ధైర్యంగా ఉండేవాడు ఒకటే చూస్తాడు" అనేవాడు. చదరంగమూ అట్లాగే ఆడేవాడు. ఎదుటివాడు ఏమేం చేయగలడో అంతా తలచుకుని, భయపడాల్సినంత భయపడి, ఆ తర్వాతే తన కాయ జరిపేవాడు.

ఆయనకు సరిజోడు చింతామణిలో బట్టల అంగడి ఉన్న ఒక స్నేహితుడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బెంచీ. ఒకసారి చిక్కబళ్లాపురంలో పోటీ జరిగితే, మామ గుర్రాన్ని ముట్టి ఏనుగును ఆడాడని ఆయన నలుగురిలో అనేశాడు. ముట్టిన కాయే ఆడాలన్నది నియమం. మామ ముట్టలేదన్నాడు.

"అయితే నేను అబద్ధం చెప్తాండానా?"

"మరి నేను చెప్తాండానా?"

అంతటితో మాటలు ఆగిపోయాయి. ఆట మాత్రం ఆగలేదు. తన ఎత్తు చీటీ మీద రాసి మామ చింతామణి బస్సు కండక్టరు చేతికిచ్చేవాడు. అటునుంచి జవాబు అదే బస్సులో వచ్చేది. చీటీలో నమస్కారం లేదు, క్షేమ సమాచారం లేదు, ఎత్తు ఒక్కటే. నెరిసిన తలలు పెట్టుకుని ఇదేం అలకని మేమంతా ఆటపట్టించేవాళ్లం. "చీటీలో అయితే ముట్టేదానికి ఏమీ ఉండదు పాపా" అనేవాడు మామ, నవ్వకుండా.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ల మాట ఇది. ఒక ఆదివారం మామ మా సెంటర్‌కు వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది.

"పాపా, మీ మిషను చదరంగం ఆడతాదంట కదా. నాకు ఎత్తులు చెప్పొద్దు, అది మోసం. నా చీటీ పోయింది, ఇంక చింతామణి వాడి ఎత్తే. వాడు నాకు ఆటకట్టు చేసేదానికి దారి ఉండాదా లేదా, అంతమట్టుకు చెప్పు."

"ఓడిపోతే ఏమైపోతుంది మామా?"

"ఓడేదానికి కాదు పాపా. ఈ ఆట అయిపోతే, కొత్త ఆటకు మొదటి చీటీ ఎవరు పంపాల? వాడు పంపడు. నేనూ పంపను."

తెర మీద కాయలు పేర్చి మిషన్ను వెతకమన్నాను. ఊరికే కూర్చోలేక అది ఎట్లా వెతుకుతుందో ఆయనకు చెబుతూ వచ్చాను. ఆటకట్టు చేయాలనుకునేవాడికి ప్రతిసారీ ఒక్క మంచి ఎత్తు దొరికితే చాలు. తప్పించుకునేవాడికి మాత్రం ఉన్న దారులన్నీ మూసుకుపోవాలి, ఒక్కటి తెరిచి ఉన్నా అది ఆటకట్టు కాదు. అందుకని మిషను ముందుగా రాజుకు చెక్ చెప్పే ఎత్తులు చూస్తుంది. చెక్ పడితే తప్పించుకునే దారులు తక్కువ, తొందరగా తేలిపోతుంది. ఒక ఎత్తులో అవుతుందా, రెండింటిలో అవుతుందా, మూడింటిలోనా అని మెట్టు మెట్టుగా లోతుకు దిగుతుంది.

"అచ్చం నా మాదిరే గాబరా పడతాండాదే" అన్నాడు మామ. వెంటనే, "ఏమంటాది? లేదా?" అన్నాడు.

"ఇంతవరకు కనబడలేదు మామా."

"అంటే లేదనేనా?"

"లేదని చెప్పదు. ఇంతవరకు కనబడలేదంటుంది, అంతే."

ఆ మాటతో ఆయనకు భయం ఇంకా ఎక్కువైంది. కుర్చీ అంచున కూర్చుని తువ్వాలు మెలి తిప్పుతున్నాడు. కరెంటు పోకూడదని నేను, ఏమీ దొరక్కూడదని ఆయన. తెప్పించిన టీ అట్లాగే చల్లారిపోయింది. ఉన్నట్టుండి తెర మీద రాత మారింది. ఆరు ఎత్తుల్లో ఆటకట్టు.

ఆయన తెర వైపు చూడలేదు, నా ముఖమే చూస్తున్నాడు.

"ఉండాదా?"

"ఉంది మామా."

"అన్నీ చెక్కులేనా?"

"కాదు. నడుమ ఒక ఎత్తులో చెక్ లేదు, కాయ కొట్టడమూ లేదు, ఊరికే కాయను పక్కకు జరపడం. అట్లాంటప్పుడు నువ్వు ఏమైనా ఆడొచ్చు కదా, అవన్నీ చూడాల్సొచ్చింది. అందుకే ఇంతసేపు."

"అట్లాంటివి వాడికి బాగా కనబడతాయి" అని మామ లేచాడు. ఆయన్ని బస్సెక్కించి వస్తుంటే, అసలు చెప్పకుండా ఉండాల్సిందేమో అని నాకు ఒకటే బాధ.

చింతామణి నుంచి చీటీ వచ్చిన రోజు టెలిఫోన్ బూత్ నుంచి మామ అరిచినంత పని చేశాడు. "పాపా! విడిచిపెట్టినాడు! చెక్ చెప్పకుండా బంటు జరిపి ఊరుకున్నాడు!"

"చూడలేదేమో మామా."

"నీకు తెల్దు, ఊరుకో. వాడికి కనబడకుండా పోతుందా? చూసే విడిచినాడు."

మరునాడే చింతామణి బస్సెక్కాడు. నేరుగా అంగడిలోకి పోయి కూర్చున్నాడట. ఇద్దరూ వాన గురించి, టమోటా ధర గురించి మాట్లాడుకున్నారట. చదరంగం ఊసే రాలేదట. ఆ తర్వాత ఏ వారమూ ఒకరి ఇంటికి ఒకరు పోకుండా ఉండలేదు. చీటీలతో పని లేకుండా పోయింది.

మిషను దగ్గర విన్న మాట మామ నోట ఉండిపోయింది. అమ్మకు స్కానింగ్ చేయించి, రిపోర్టు కోసం ఆసుపత్రి వరండాలో నేను వణుకుతుంటే పక్కనే కూర్చుని, "వీళ్లు లేదని చెప్పరు పాపా, ఇంతవరకు లేదంటారు. మనమూ అంతవరకే సంతోషపడాల" అన్నాడు. ధైర్యం చెప్పేవాళ్లు చాలామంది దొరికారు నాకు. నాతోపాటు కూర్చుని భయపడినవాడు ఆయనొక్కడే. ఆ రుణం ఎట్లా తీరుతుందో నాకు తెలియదు.

మామ కర్మ రోజున చింతామణి ఆయన వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద ఆయన ఒంటరిగా కూర్చునుంటే, పక్కన కూర్చుని ఇన్నేళ్లుగా మనసులో ఉన్నది అడిగేశాను. "అప్పా, ఆ పొద్దు ఆటకట్టు చూసి కూడా ఎందుకు విడిచిపెడితిరి?"

"ఏ ఆటకట్టమ్మా?"

మిషను సంగతి, ఆరు ఎత్తుల సంగతి, మామ ఫోను, అంతా చెప్పాను.

"నేను చూడల్యా" అన్నాడు. మళ్లీ తనే, "వాడు నా అంగడికి వచ్చింది అందుకా? వాడే తగ్గి వచ్చినాడే అని కదమ్మా, నేనూ తగ్గితి."

"ఆ ఎత్తు ఏదో చూపించేదాప్పా?" అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రోజు ఏ కాయ యాడ ఉండిందో అంతా గుర్తుంది, తానే వెతుక్కుంటానన్నాడు.

సాయంత్రం బస్సెక్కించాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదిలేదాకా ఆయన నా వైపు చూడలేదు. కళ్లు మూసుకున్నాడు. ముందు సీటు కడ్డీ మీద వేలు మెల్లగా జరిగింది, ఒకచోట ఆగింది, మళ్లీ వెనక్కి వచ్చింది.