వారం రోజుల అతిథి

మా పిన్ని ముప్పై ఒక్క ఏళ్లు ఒక పెద్ద హోటల్లో గదులు సర్దింది. రోజుకు పద్నాలుగు గదులు. దుప్పట్లు మార్చడం, స్నానాల గది కడగడం, ఎవరో తడిపి పారేసిన తువ్వాళ్లు ఏరడం. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం మానేసిన నెలకే ఓడ టికెట్ తెచ్చుకుంది. మామూలు ఓడ కాదు, ఈత కొలను, నాట్యశాల అన్నీ ఉన్న విలాసాల ఓడ. వారం రోజులు, ఒక్కతే.

ఇంట్లో అందరూ ముక్కున వేలేసుకున్నారు. "ఒక్కదానివీ వెళ్లి ఏం చేస్తావే? గోడలతో మాట్లాడతావా?" అంది మా అమ్మ. "పిన్నీ, నీకు బకెట్టు నీళ్లంటేనే భయం కదా!" అని మా అన్నయ్య ఇకిలించాడు.

పిన్ని ఒకటే చెప్పింది. "వారం రోజులు నా పక్క ఇంకొకళ్లు సర్దాలి. నేను కాలు మీద కాలేసుకుని చూడాలి. అంతే."

అప్పుడు నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఓడలో మొదటి రాత్రి భోజనాల బల్ల దగ్గర పిన్ని పక్కన ఒకావిడ కూర్చుంది. మెడలో మూడు పేటల ముత్యాలు. పిన్ని ఆవిడకు ముత్యాల మేడం అని పేరు పెట్టుకుంది. ఆవిడ తన మోకాళ్ల నొప్పులు, కోడలి పొగరు అన్నీ ఏకరువు పెట్టాక, "మీరేం చేసేవారు?" అని అడిగింది. "హోటల్లో ఉద్యోగమండీ" అంది పిన్ని. "ఓ, మేనేజరా!" పిన్ని కాదనలేదు. ఆ చిన్న అబద్ధం ఎంత తియ్యగా ఉందో తిరిగొచ్చాక నాకు రెండుసార్లు చెప్పింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికే మెలకువ వచ్చింది. కళ్లు పూర్తిగా తెరిచేలోపే చేతులు పని కానిచ్చేశాయి. దుప్పటి బిగించి, నాలుగు మూలలా తన హోటల్ పద్ధతిలో మడతపెట్టి, దిండ్లు దులిపి నిలబెట్టాక గాని ఏం చేసిందో తెలియలేదు. నాలిక కరుచుకుంది. పక్క చెరిపేస్తే సరిపోయేది. కానీ అంత చక్కగా వేసిన పక్కను చెరపడానికి మనసు ఒప్పలేదట. ఇలాంటి తెలివితక్కువ పని మా పిన్ని తప్ప ఎవరూ చేయరు.

ఆ మర్నాడు గది సర్దే అమ్మాయి ఏడుస్తూ వచ్చింది. సూపర్‌వైజర్ తనిఖీకి వచ్చి మూలల మడత చూశాడట. "ఈ మడత మనది కాదు. ప్రయాణికుల చేత పని చేయిస్తున్నావా?" అని ఆమె మీద రోజుకు ఇంకో నాలుగు గదులు వేశాడు.

పిన్ని గబగబా అతని దగ్గరికి వెళ్లింది. పిన్నిని చూడగానే అతను లేచి, కుర్చీ చూపించాడు.

"తప్పు నాదండీ. ఆ పిల్లకేం తెలియదు. నేనూ ముప్పై ఏళ్లు గదులు సర్దినదాన్నే, చెయ్యి ఊరుకోలేదు."

"ఓహో, అలాగా!" అంటూ అతను తన కుర్చీలో కూర్చున్నాడు. పిన్ని నిలబడే ఉంది. "అయితే మీకే తెలియాలి. ఒక్కసారి చూసీచూడనట్టు వదిలేస్తే వీళ్లు నెత్తికెక్కుతారు."

ఆ నాలుగు గదులూ తగ్గలేదు.

ఇక ఏముంది! అందరూ ఈత కొలను దగ్గర ఎండ కాచుకుంటుంటే, మా పిన్ని దొంగచాటుగా ఆ నాలుగు గదులూ సర్దడం మొదలుపెట్టింది. మొదటి రోజు ఆ అమ్మాయి, "అయ్యో, వద్దమ్మా, మీరెందుకు?" అంది. రెండో రోజు ఏమీ అనలేదు. మూడో రోజు, "అక్కా, ఇవాళ కాస్త తొందరగా రండి. మీ గది మీరే చూసుకుంటారుగా" అంది. ఇది విన్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వెందుకు ఊరుకున్నావు?" అని అరిచాను.

"నా వల్లే కదే దానికి ఆ కష్టం" అంది పిన్ని.

ఆరో రోజు నాలుగో గదిలో దిండుకు గలీబు తొడుగుతుంటే తలుపు తెరుచుకుంది. ముత్యాల మేడం. అయిదు రాత్రులు పక్కపక్కన కూర్చుని తిన్న మనిషి. పిన్ని ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటోంది.

ఆవిడ బల్ల మీది కళ్లజోడు తీసుకుని, పిన్ని వైపు తిరిగి, "ఇంకో దిండు పెట్టమ్మా. ఇది మరీ గట్టిగా ఉంది" అని వెళ్లబోయింది.

"అలాగే మేడం" అంది పిన్ని. తెచ్చి పెట్టింది కూడా.

"తెలిసీ తెలియనట్టు నటించి ఉంటుంది" అన్నాను నేను, కడుపు మండి.

"లేదే. నిజంగానే గుర్తుపట్టలేదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర ముత్యాల మేడం పిన్నిని చూడగానే పక్క కుర్చీ లాగి, ఆప్యాయంగా చెయ్యి పట్టుకుందట.

"రండి రండి! పొద్దుటి నుంచీ ఎక్కడికి పోయారండీ? ఎంత వెతికినా కనబడనే లేదు!"

"గదిలోనే ఉన్నానండీ" అంది మా పిన్ని.