గుత్తి కోట మీద ముఖం కడుక్కున్న నాయకుడు

పాదయాత్ర చివరి రోజు గుత్తి కోట ఎక్కాం. డెబ్బైల చివర్లో గోరంట్ల నుంచి యువజన సంఘంతో ఎనిమిది రోజులు నడిచాం. నాకు తొమ్మిదేళ్లు. వీపున మా మూట, భుజాన తడిసిన కాన్వాసు సంచీలో అందరి నీళ్లూ నాయనే మోశాడు. పైన ఫోటో అనగానే మా నాయకుడు మిగిలిన నీళ్లతో ముఖం కడుక్కున్నాడు. నేను దాహంతో ఏడుస్తున్నాను.

"ఏమప్పా, ఫోటోకు దప్పికైతాందా?" అన్నాడు నాయన.

"ఇంగ దిగేదే కదన్నా! పిల్లోడు ఓర్చుకుంటాడులే."

నాయన నన్ను ఎత్తుకుని దిగిపోయాడు.

మిత్రులారా, ఆ ఫోటోను ఈరోజు మన సంఘం వాట్సాప్ గ్రూపులో 'త్యాగమూర్తి' అని పెట్టారు. ఆ ముఖం ఎంత తళతళలాడిందో గుర్తుందా? ఇన్నేళ్లూ ఈ సంగతి బయటపెట్టబోతే "పోనీలెండి" అని నా భార్య ఆపేది. ఆమె పోయి ఏడాదైంది. రేపు పొద్దున ఆయన సన్మానంలో నన్ను మాట్లాడమన్నారు. వెళ్లి ఇదే చెబుతాను.